గప్పీల సీసాతో అనంతగిరి

ఆదివారం పొద్దున్నే మర్రిపాలెం నుంచి బండి మీద బయల్దేరాం, నేనూ మా అక్క కొడుకూ. పెందుర్తి, కొత్తవలస దాటినా వాడు ఓ ప్లాస్టిక్ సీసాని ఒళ్లో పెట్టుకుని వదల్లేదు. ఎస్.కోటలో టిఫిన్‌కి ఆగినప్పుడు చూస్తే అందులో పన్నెండు గప్పీలు, అదే తొట్టెల్లో పెంచుకునే బుల్లి చేపలు! ఇంట్లో తొట్టె నిండిపోయిందట, కొండ మీద గెడ్డలో, అంటే వాగులో, వదిలేస్తే హాయిగా బతుకుతాయని మా అక్కే ఇచ్చి పంపిందట.

అనంతగిరి ఘాట్ ఎక్కాక, గోస్తని నదిలో కలిసే ఓ గెడ్డ దగ్గర ఆగాం. నీళ్లు మోకాల్లోతు, చల్లగా ఉన్నాయి. అక్కడ చేపలు పడుతున్న ఒక పెద్దాయన ఓ రాయి తిరగేసి చూపించాడు. దాని అడుగున వేలెడంత చేప, పాచి రంగులో. గడ్డం కింద గుండ్రంగా ఓ బిళ్ల, దాంతోనే రాతిని కరుచుకుని ఉరవడికి కొట్టుకుపోకుండా నిలబడుతుంది. గర్రా జాతిది. మా వైజాగ్ వాళ్లకి చేపంటే వంజరం, చందువా, ఇలాంటివాటిని ఎవరు చూస్తారు?

"బయటోళ్లు చేపల కోసం నీళ్లలో బ్లీచింగ్ కొట్టి పోతారు బాబూ, ఇంక ఆ ఏడు రాయెత్తితే ఏటీ ఉండదు," అన్నాడాయన.

మావాడు అప్పటికే సీసా మూత తిప్పుతున్నాడు. ఆపితే అలిగాడు. "చిన్న చేపలే కదా మావయ్యా!"

చిన్నవే, కానీ దక్షిణ అమెరికావి. గుడ్లు కాదు, నెలకోసారి ఏకంగా పిల్లల్నే పెడతాయి. దోమల కోసమని 1928లో మన దేశానికి తెచ్చిన గంబూసియా అనే చేపదీ ఇదే వంశం, అది దోమ పిల్లలతో ఆగదు, వేరే చేపల గుడ్లూ పిల్లలూ తినేస్తుంది, కాస్త పెద్దవాటి రెక్కలు కొరుకుతుంది. నాకు ఒళ్లు మండేది ఎక్కడంటే, దోమ పిల్లల్ని తినే చిన్న చేపలు మన గెడ్డల్లోనే బోలెడున్నాయి. పైగా ఇక్కడ వదిలింది ఇక్కడే ఉండదు, గోస్తని వెంట తాటిపూడి రిజర్వాయర్‌కి పోతుంది, ఆ తర్వాత భీమిలి దాకా దారే.

ఇదంతా వాడికెంత ఎక్కిందో గానీ సీసా మాత్రం వెనక్కి తెచ్చాం. మలుపుల్లో సగం నీళ్లు నా చొక్కా మీదే.

తలుపు తీస్తూనే అక్క "మళ్లీ తెచ్చారా!" అంది. తొట్టెలో పోసి లెక్కపెడితే ఇరవై దాటాయి. దారిలోనే ఒకటి ఈనింది.