డీజిల్ బయటికి కారదు, గాలి మాత్రం లోపలికి దూరుతుంది

నా డీజిల్ బండి మూడు వారాల పాటు ప్రతి ఉదయమూ ఒకే తీరున మొరాయించింది. రాత్రంతా నిలిపి ఉంచి పొద్దున్నే తాళం తిప్పితే, సెల్ఫ్ పది పన్నెండు సెకన్లు తిరిగితే గాని ఇంజన్ అందుకునేది కాదు; ఒకసారి అందుకున్నాక మాత్రం సాయంత్రం వరకు ఎన్నిసార్లు ఆపినా వెంటనే స్టార్టయ్యేది. బ్యాటరీ కొత్తది, సెల్ఫ్ మోటారు చురుగ్గానే తిరుగుతోంది. ఒక వర్క్‌షాపులో స్కానర్ పెట్టి చూస్తే పీ0087 అనే కోడ్ వచ్చింది. రైలులో, అంటే సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ అందించే ఉమ్మడి గొట్టంలో, ఉండవలసినంత పీడనం లేదని దాని అర్థం. దాన్నిబట్టి ఆ పీడనాన్ని పుట్టించే హై ప్రెషర్ పంపు పోయిందని, మార్చక తప్పదని వారు తేల్చేశారు. చివరికి నేను మార్చింది ఫిల్టర్ మూతలోని ఒక రబ్బరు రింగును.

కామన్ రైల్ ఇంజన్‌లో డీజిల్ నడిచే దారికి రెండు అంచెలుంటాయి. ట్యాంకు అడుగున ఉండే జల్లెడ, అక్కడినుంచి బయలుదేరే గొట్టాలు, నీటిని వేరుచేసే ఫిల్టర్, డీజిల్‌ను ముందుకు తెచ్చే చిన్న పంపు, ఇవన్నీ తక్కువ పీడనపు అంచెలోకి వస్తాయి. హై ప్రెషర్ పంపు, రైలు, ఇంజెక్టర్లు కలిసి రెండో అంచె. మొదటి అంచెలో పీడనం కొద్ది బార్లకు మించదు (ఒక బార్ అంటే సుమారుగా వాతావరణ పీడనమంత). ఇంజన్ దగ్గరి పంపే డీజిల్‌ను పీల్చుకునే బండ్లలో అయితే వాతావరణ పీడనం కంటే కాస్త తక్కువే ఉంటుంది. రెండో అంచెలో ఐడిల్ మీద సుమారు 250, 300 బార్ల దగ్గర ఉండేది, పూర్తి లోడు మీద 1600 దాటి 2000 వరకు, కొన్ని ఇంజన్లలో ఇంకా పైకి వెళ్తుంది. పీడనాన్ని కొలిచే సెన్సర్ ఉండేది ఈ దారి చివర, రైలు మీద. వెనుక ఎక్కడ డీజిల్ తగ్గినా, ఎక్కడ గాలి కలిసినా, ఇంజెక్టర్ల దగ్గర ఎంత వెనక్కి కారిపోయినా ఆ లోటు బయటపడేది అక్కడే. లోటు ఉన్నదని ఆ కోడ్ చెబుతుందే గాని, అది ఎక్కడ పుట్టిందో చెప్పదు. అన్నిటికంటే ఖరీదైన భాగం మీద నేరం మోపే ముందు ట్యాంకు వైపు నుంచి ఒక్కో మెట్టూ చూసుకుంటూ రావడమే నాకు నయమనిపించింది.

గొట్టాలు విప్పడానికి ముందు చూడవలసింది సైలెన్సర్ నుంచి వచ్చే పొగను. సెల్ఫ్ తిరుగుతున్నంతసేపూ పొగ ఆనవాలే లేకపోతే సిలిండర్లలోకి డీజిల్ చేరడం లేదని అనుకోవచ్చు. తెల్లటి పొగ వస్తున్నా ఇంజన్ అందుకోకపోతే డీజిల్ చేరుతోంది గాని మండడం లేదు. అప్పుడు చూడవలసినవి సిలిండర్లను ముందుగా వేడెక్కించే గ్లో ప్లగ్గులు, సిలిండర్లలో గాలి నొక్కుకునే కంప్రెషన్, డీజిల్ చిమ్మే సమయాన్ని నిర్ణయించే ఇంజెక్షన్ టైమింగ్. నా బండికి మొదటి ఏడెనిమిది సెకన్లు పొగే లేదు; ఆ తర్వాత ఒక్కసారిగా తెల్లగా కమ్మి ఇంజన్ అందుకునేది.

ఇబ్బంది ఎప్పుడు వస్తోందన్నది కూడా సగం సమాధానం చెబుతుంది. ఐడిల్ మీద, చదును రోడ్డు మీద బాగానే నడిచే బండి ఎత్తు ఎక్కేటప్పుడు, బరువు లాగేటప్పుడు మాత్రమే పికప్ కోల్పోతే ఫిల్టర్ మూసుకుపోయిందని మొదట అనుమానించాలి, ఎందుకంటే ఇంజన్ ఎక్కువ డీజిల్ అడిగేది అప్పుడే. కొంత దూరం నడిచి ఆగిపోయి, పది నిమిషాలు ఊరుకుంటే తనంతట తానే మళ్లీ స్టార్టయ్యే బండిలో ట్యాంకు జల్లెడకు చెత్త అతుక్కుంటూ ఉండవచ్చు. పీల్చడం ఆగగానే ఆ చెత్త విడివడి కిందికి జారుతుంది. ట్యాంకు మూతలోని గాలి రంధ్రం పూడుకుపోయినా లక్షణం అచ్చం ఇలాగే ఉంటుంది, కాకపోతే మూత తిప్పగానే బుస్సుమని గాలి లోపలికి పోతుంది, బండి కోలుకుంటుంది. గడ్డకట్టే చలిలో డీజిల్‌లోని మైనం పేరుకుని ఫిల్టర్‌ను మూసేయడం వేరే సంగతి. నాలాగా పొద్దున్న మాత్రమే సతాయించేవారు ముందుగా వెతకవలసింది గాలిని.

నా బండి ట్యాంకులో కరెంటు పంపు లేదు. ఇంజన్ దగ్గరున్న పంపే అంత దూరం నుంచి డీజిల్‌ను పీల్చుకుంటుంది. పీల్చే గొట్టంలో సన్నని సందు ఉంటే, బండి నడుస్తున్నప్పుడు అక్కడ డీజిల్ బయటికి కారదు, బయటి గాలే లోపలికి దూరుతుంది. బండి కింద తడి మరక లేదు గనుక గొట్టాల్లో లోపం లేదనుకోవడం అనుభవం ఉన్న మెకానిక్కులు సైతం చేసే పొరపాటు. బండి ఆగి ఉన్నప్పుడు అదే సందులోంచి గాలి చేరుతూ ఉంటే గొట్టంలోని డీజిల్ మెల్లగా ట్యాంకులోకి జారిపోతుంది. పొద్దున నేను సెల్ఫ్ తిప్పిన ఆ పది సెకన్లూ ఖాళీ గొట్టం మళ్లీ నిండడానికి పట్టిన సమయమే. గుర్తు తెచ్చుకుంటే, బండి ముందు భాగం పల్లం వైపు ఉండేలా నిలిపిన రాత్రుల తర్వాత ఈ బాధే లేదు. ముందు భాగం ఎత్తులో ఉన్న రోజుల్లో మరీ ఎక్కువ. పంపు అరిగిపోయి ఉంటే దానికి ఎత్తుపల్లాలతో నిమిత్తం ఉండదు కదా!

మరునాడు తాళం తిప్పకముందే ఫిల్టర్ పక్కనున్న ప్రైమర్‌ను, అంటే డీజిల్‌ను చేత్తో లాగి నింపే రబ్బరు బుడ్డను నొక్కి చూశాను. మొదట ఖాళీ సంచిలా మెత్తగా అణిగిపోయింది. పదిహేను ఇరవై సార్లు నొక్కాక గట్టిపడింది. అప్పుడు తాళం తిప్పితే ఇంజన్ రెండో సెకనులోనే అందుకుంది. ఇక గాలి దూరే చోటు తేలవలసి ఉంది. ఫిల్టర్‌కు, పంపుకు మధ్య డీజిల్‌ను తట్టుకునే పారదర్శకపు గొట్టాన్ని జానెడు ముక్క బిగించాను. గొట్టం విప్పినందువల్ల చేరిన గాలి పోయేందుకు కొన్ని నిమిషాలు ఇంజన్ నడిపి, ఆ తర్వాత టార్చి వేసి చూస్తే లేత పసుపు డీజిల్‌లో గుండుసూది తలంత బుడగలు ఒకదాని వెనుక ఒకటి ఆగకుండా పోతున్నాయి. రేజ్ చేసినప్పుడు అవి కలిసిపోయి వేలెడు పొడవు ఖాళీలయ్యాయి. అదే ముక్కను ఫిల్టర్‌కు ముందు పెడితే ఒక్క బుడగా లేదు. అంటే దోషం ఫిల్టర్‌లోనే. మూత విప్పాక సంగతి అర్థమైంది: క్రితంసారి ఫిల్టర్ మార్చినప్పుడు పాత రింగునే మళ్లీ వేశారు. అది గాడిలో మెలితిరిగి ఒకచోట చదునుగా నలిగింది, గోటితో వంచితే సన్నని పగులు విచ్చుకుంది. ఒకవేళ ఫిల్టర్‌కు ముందే బుడగలు కనిపించి ఉంటే, శుభ్రమైన డబ్బాలో డీజిల్ పోసి, పీల్చే గొట్టాన్ని, మిగిలిన డీజిల్‌ను వెనక్కి తెచ్చే రిటర్న్ గొట్టాన్ని అందులో ఉంచి ఇంజన్ నడిపేవాణ్ని. ఆ పరీక్ష ట్యాంకునూ పాత గొట్టాలనూ పక్కకు తప్పించి చూపిస్తుంది.

విప్పిన చేత్తోనే ఫిల్టర్ అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి గాజు సీసాలోకి పట్టాను. డీజిల్ నీటికంటే తేలిక, సాంద్రత 0.83 దగ్గర ఉంటుంది, కాబట్టి నీళ్లుంటే అడుగున విడిగా తేరుకుంటాయి. నాకు రెండు మూడు చెంచాల నీళ్లు వచ్చాయి. రెండూ కలిసే పొర దగ్గర నల్లటి జిగురు కనిపిస్తే ట్యాంకులో సూక్ష్మజీవులు పెరుగుతున్నాయని గుర్తు. అప్పుడు ట్యాంకు కడగకుండా ఎన్ని ఫిల్టర్లు మార్చినా ఉపయోగం లేదు. హై ప్రెషర్ పంపుకు కందెన కూడా డీజిలే గనుక నీళ్లు, పెట్రోలు కలిసిన ఇంధనం దాన్ని నేరుగా అరగదీస్తాయి.

కొత్త ఫిల్టర్‌లో డబ్బాలోని డీజిల్‌ను మధ్య రంధ్రం గుండా పోసి నింపే అలవాటు చాలామందికి ఉంది. సాధారణంగా మధ్య రంధ్రం వడగట్టిన డీజిల్ బయటికి పోయే దారి. అందులో పోసినది వడగట్టకుండానే ఇంజెక్టర్లకు చేరుతుంది. వాటిలోని సందులు కొద్ది మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). నేను ప్రైమర్ తోనే నింపి, ఎయిర్ స్క్రూ దగ్గర నురగ పోయి నిఖార్సైన డీజిల్ వచ్చేదాకా గాలి తీశాను. పాత మెకానికల్ పంపు బండ్లలో ఇంజెక్టర్ల దగ్గరి యూనియన్ నట్లు వదులు చేసి సెల్ఫ్ తిప్పుతూ ఎయిర్ తీస్తారు. కామన్ రైల్‌లో ఆ పని ఎన్నడూ చేయకూడదు. ఆ పీడనంలో వెంట్రుకంత ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది, పైకి చీమ కుట్టినంత గాయమే కనిపించినా అది వెంటనే ఆపరేషన్ అవసరమయ్యే ప్రమాదం. లీకు ఎక్కడుందో చేత్తో తడిమి చూడకూడదు, అట్టముక్క అడ్డుపెట్టి చూడాలి.

గాలి లేదని, ఫిల్టర్ బాగుందని తేలాక కూడా కోడ్ పోకపోతే అప్పుడు ఇంజెక్టర్ల రిటర్న్ కొలవాలి. ఒక్కో ఇంజెక్టర్ రిటర్న్ గొట్టాన్ని ఒక్కో సీసాలో పెట్టి కాసేపు ఇంజన్ నడిపితే, మిగతావాటికంటే బాగా ఎక్కువ నిండిన సీసా ఏ ఇంజెక్టర్ పీడనాన్ని వెనక్కి వదిలేస్తోందో చూపిస్తుంది. అదీ సరిగానే ఉంటే రైలు మీది పీడన నియంత్రణ వాల్వును, దాని తర్వాతే పంపును అనుమానించాలి. పంపు నిజంగా అరుగుతూ ఉంటే తరచుగా ఫిల్టర్ గిన్నెలోనో, రిటర్న్ డీజిల్‌లోనో వెండిపొడిలా మెరిసే లోహపు రవ్వ కనిపిస్తుంది. అలాంటప్పుడు పంపు ఒక్కటీ మార్చి చేతులు దులుపుకుంటే ఆ రవ్వ కొత్త పంపునూ తినేస్తుంది. రైలు, గొట్టాలు, ఇంజెక్టర్లు, ట్యాంకు అన్నీ చూడవలసిందే. నా సీసాలో నీళ్లే తప్ప ఎక్కడా మెరుపు లేదు. రింగు మార్చి కోడ్ తుడిపించాక, ముందు భాగం ఎత్తులో ఉండేలా కావాలనే వరసగా మూడు రాత్రులు బండి నిలిపాను. మూడు పొద్దుల్లోనూ ప్రైమర్ ముట్టుకోకుండానే ఇంజన్ రెండు సెకన్లలో అందుకుంది.