మైలాపూరు దారిలో ఆటోపే

చెన్నై సెంట్రల్‌లో దిగి మైలాపూరు పోవాలనుకునే మనవాళ్లు ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి. రోడ్డుకి అవతల దగ్గర దగ్గరగా రెండు స్టేషన్లున్నాయి. పార్క్‌లో తాంబరం వైపు పోయే లోకల్ రైళ్లు ఆగుతాయి. మైలాపూరుకైతే పార్క్ టౌన్‌లో ఎక్కాలి. బీచ్ స్టేషన్ నుంచి వేళచ్చేరి వైపు వెళ్లే రైలది, వంతెన మీద పోతుంది కాబట్టి అక్కడ పరక్కుం రైలు, అంటే ఎగిరే రైలు అంటారు. సబ్‌వేలో జనం మధ్య నిలబడి బోర్డులు చూస్తుంటే, మా తెలుగు విని పూలమ్మే ఒకామె "మైలాపూరుకా? ఆ మెట్లెక్కి పో నాయనా" అంది. ఫోన్‌లో మ్యాప్ పైదారికీ కిందిదారికీ తేడా చెప్పదు. అలాంటి చోట మనిషిని అడగడమే మేలు.

నెల్లూరు నుంచి నాన్నని తీసుకొచ్చింది పొట్టి శ్రీరాములు గారు ప్రాణం విడిచిన చోటు చూపించడానికి. ప్లాట్‌ఫాం మీద కూర్చున్నాక నాన్న ఫోన్ నా చేతికిచ్చి, "అబ్బయా, ఇదేందో ఇంగ్లీషులో వచ్చింది, చూడు" అన్నాడు. రేపు 199 రూపాయలు కట్ అవుతాయని మెసేజ్. ఎప్పుడో ఒక్క రూపాయికి ట్రయల్ అంటే ఒక భక్తి వీడియోల యాప్ వేసుకున్నాడు. నచ్చక తీసేశాడు కూడా. యాప్ తీసేస్తే చందా ఆగిపోతుందనే ఆయన నమ్మకం. ఆగదు. డబ్బు తీసుకునే అనుమతి విడిగా బతికే ఉంటుంది.

రైలు వచ్చేలోపు ఆయన యూపీఐ యాప్ తెరిచి, ప్రొఫైల్‌లో ఆటోపే నొక్కాను. మన ఖాతాలోంచి దానంతటదే డబ్బు కట్ అయ్యేందుకు ఇచ్చిన అనుమతులన్నీ అక్కడుంటాయి. ఆ భక్తి యాప్ పేరు అక్కడ 'యాక్టివ్' అని పచ్చగా కనిపించింది. దాని లోపలికి వెళ్లి క్యాన్సిల్ నొక్కి, పిన్ ఆయన చేతే కొట్టించాను. యాప్ వాళ్లని బతిమాలే పనే లేదు. ఇలా నెలనెలా పోయే డబ్బుకి కనీసం 24 గంటల ముందు చెప్పాలని, వద్దంటే ఆపుకునే వీలుండాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన. ఇలాంటి ఆటోపే చెల్లింపుల్లో మామూలుగా 15,000 రూపాయల లోపైతే ప్రతిసారీ ఓటీపీ గానీ పిన్ గానీ అడగరు. అందుకే ఆ ముందు మెసేజ్ ప్రాణమంత ముఖ్యం. దాన్ని ఆయనకి రాని భాషలో పంపడం నాకు చాలా బాధ కలిగించింది. చేరడం తేలిక చేసి మానుకోవడం కష్టం చేసే 'సబ్‌స్క్రిప్షన్ ట్రాప్'ని కేంద్రం 2023 నవంబరులోనే డార్క్ ప్యాటర్న్‌ల, అంటే కొనేవాళ్లని మాయచేసే యాప్ ఎత్తుగడల జాబితాలో పెట్టింది. అయినా నాన్న వయసువాళ్ల ఖాతాల్లోంచి డబ్బు ఇలా కారిపోతూనే ఉంది.

మైలాపూరు స్టేషన్ పేరు తిరుమయిలై. అక్కడ దిగితే లజ్ కార్నర్ కూడలి పక్కనే. అక్కణ్ణుంచి రాయపేట హైరోడ్డు పట్టుకుంటే స్మారక భవనం వస్తుంది. అప్పట్లో అది స్వాతంత్ర్య సమరయోధుడు బులుసు సాంబమూర్తి గారి ఇల్లు. 1952 అక్టోబరు 19న శ్రీరాములు గారు అక్కడే దీక్షకి కూర్చున్నారు, 58 రోజులు ఉండి డిసెంబరు 15 రాత్రి కన్నుమూశారు. మరుసటి ఏడాది అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. మా జిల్లాకి ఆయన పేరే. నాన్న చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని ఫోటో ముందు చాలాసేపు నిలబడ్డాడు. నేను మాట్లాడించలేదు.

బయటికొచ్చి ఇడ్లీ తింటూ నెల్లూరులోని తన స్నేహితుడికి ఫోన్ చేశాడు. శ్రీరాములు గారు దీక్ష చేసిన ఇల్లు చూశానని చెప్పి, వెంటనే "నీ ఫోన్‌లో ఆటోపే ఉంటది, ఒకసారి తెరువు. నేను చెప్తా ఉంటా, నువ్వు నొక్కు" అన్నాడు.