పాఠం చెప్పేవాళ్ళకి పుస్తకం ఇంటికివ్వాలి

నేను గుంటూరు సివిల్ కోర్టుల్లో ప్రాక్టీసు చేస్తాను. పొద్దున ఎనిమిదింటికి ఒక ప్రైవేటు లా కాలేజీలో మూడేళ్ళ ఎల్‌ఎల్‌బీ పిల్లలకి ఆస్తి బదిలీ చట్టం, ఎవిడెన్సు చెబుతాను. పదయ్యేసరికి కోర్టు ఆవరణలో ఉండాలి. పదిన్నరకి కాల్‌వర్క్, అంటే ఆ రోజు కేసుల్ని వరసగా పిలవడం, మొదలవుతుంది. సాయంత్రం ఐదు దాటాక గానీ ఊపిరి పీల్చుకునే వీలుండదు. మా కాలేజీ లైబ్రరీ పదింటికి తెరిచి ఐదింటికి మూస్తారు. అంటే అది తెరిచి ఉన్న ప్రతి గంటా నేను కోర్టులో ఉంటాను. పార్ట్‌టైమ్‌గా లా చెప్పే వకీళ్ళందరిదీ దాదాపు ఇదే బాధ. దీని గురించి ఎక్కడా ఎవరూ రాయగా చూడలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

వకీలు పాఠం చెప్పడం చాటుమాటు వ్యవహారం కాదు. ప్రాక్టీసు చేస్తూనే యూనివర్సిటీకి అనుబంధంగా ఉన్న కాలేజీలో రోజుకు 3 గంటలు మించకుండా లా బోధించవచ్చని, వకీళ్ళు లా చెప్పే హక్కు గురించిన 1979 నాటి నిబంధనలే చెబుతున్నాయి. ఆ బోధనను పార్ట్‌టైమ్ ఉద్యోగంగా లెక్కించాలని కూడా వాటిలోనే ఉంది. డ్రాఫ్టింగ్, ప్లీడింగ్స్, మూట్ కోర్టు, సివిల్ ప్రొసీజరు లాంటివి కోర్టులో రోజూ నిలబడేవాళ్ళు చెబితేనే పిల్లలకి ఎక్కుతాయని కాలేజీలకీ తెలుసు. అందుకే మమ్మల్ని పిలుస్తారు. పిలిచాక చేతికి టైంటేబుల్ ఇస్తారు, సిలబస్ కాపీ ఇస్తారు, అటెండెన్సు రిజిస్టరు ఇస్తారు. లైబ్రరీ కార్డు మాట మాత్రం మనం అడిగితే తప్ప రాదు.

అడిగాక తెలిసేది ఏమిటంటే, మనం ఏ వర్గంలోకి వస్తామో ఎవరికీ స్పష్టంగా తెలియదు. రెగ్యులర్ ఫ్యాకల్టీకి పది పుస్తకాలు, సెమిస్టర్ అంతా ఉంచుకోవచ్చు. విద్యార్థికి మూడు, పదిహేను రోజులు. మాలాంటి పార్ట్‌టైమ్ వాళ్ళకి, అంటే గెస్ట్ ఫ్యాకల్టీకి, మా లైబ్రరీ రూల్సులో వరుసే లేదు. మొదట నాకు స్టూడెంట్ కార్డు లెక్కన మూడు పుస్తకాలు ఇచ్చారు, అవి కూడా కాషన్ డిపాజిట్ కట్టించుకుని. ఒక్కో సెక్షన్‌నీ తీర్పులతో సహా వివరించే కామెంటరీలన్నీ రిఫరెన్సు సెక్షన్లో ఉంటాయి, వాటిని ఇంటికి ఇవ్వరు. తీర్పుల బౌండ్ వాల్యూములు బయటికి రావు. మిగిలేవి పరీక్షల ముందు పిల్లలు ఎగబడి తీసుకెళ్ళే గైడ్లు, వివరణ లేకుండా చట్టం మాత్రమే ఉండే బేర్ యాక్టులు. బేర్ యాక్టు నా దగ్గర ఉంది, దానికోసం లైబ్రరీకి వెళ్ళనక్కర్లేదు.

ఎందుకింత పట్టుదల, ఇంట్లో ఉన్న పుస్తకాలతో సరిపెట్టుకోవచ్చు కదా అని ఒక సీనియర్ అన్నారు. ఎవిడెన్సు క్లాసులో ఇప్పుడేం జరుగుతోందో ఆయనకు చెప్పాను, ఇక్కడా చెబుతాను. 2024 జూలై 1 నుంచి 1872 నాటి ఎవిడెన్సు చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. 167 సెక్షన్లు 170 అయ్యాయి. చాలావరకు పాత సరుకే, కాని నెంబర్లన్నీ కదిలిపోయాయి. మరణ వాంగ్మూలం ఉన్న 32 ఇప్పుడు 26. ఎలక్ట్రానిక్ రికార్డులకు సర్టిఫికెట్ అడిగే 65బి ఇప్పుడు 63. ఆ సర్టిఫికెట్‌కి కొత్త చట్టం ఒక నమూనా పెట్టింది. అందులో 'ఎ' అనే భాగం పార్టీ నింపాలి, 'బి' అనే భాగం నిపుణుడు నింపాలి. అయినా పాతది పోలేదు. ఆ తేదీ నాటికి పెండింగులో ఉన్న విచారణలు, అప్పీళ్ళు పాత చట్టం కిందే నడుస్తాయని 170వ సెక్షనే అంటోంది. మా జిల్లా కోర్టుల్లో అలాంటివి ఇంకా ఏళ్ళ తరబడి నడుస్తాయి. కాబట్టి పిల్లలకి రెండూ చెప్పాలి, పక్కపక్కన పెట్టి చెప్పాలి.

సర్టిఫికెట్ తప్పనిసరి అని 2014లో అన్వర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, 2018లో షఫీ మహమ్మద్ కేసులో సడలించింది, 2020లో అర్జున్ పండిత్‌రావు కేసులో ముగ్గురు జడ్జీల బెంచి ఆ సడలింపు సరికాదని తిరిగి అన్వర్ దారికే వచ్చింది. ఈ ప్రయాణం చెప్పకుండా 63వ సెక్షన్ చదివిస్తే పిల్లలకి మాటలు వస్తాయి గానీ కారణం రాదు. ఇదంతా రాత్రి కూర్చుని, పాత కామెంటరీ ఒకవైపు, కొత్త చట్టం ఒకవైపు పెట్టుకుని నోట్సు రాసుకోవాల్సిన పని. నిలబడి పావుగంటలో చూసుకుని వెళ్ళే పని కాదు.

ఆస్తి బదిలీ క్లాసు ఇంకో రకం. ముందు బెంచీల్లో కూర్చునేవాళ్ళలో రియల్ ఎస్టేట్ చేసేవాళ్ళు ఉంటారు, వీఆర్వోలు ఉంటారు, రిటైరైన బ్యాంకు మేనేజర్లు ఉంటారు. "మేడమ్, అగ్రిమెంటు రాసుకుని స్వాధీనం తీసుకున్నాం, రిజిస్ట్రేషన్ లేదు, మాకు 53ఎ రక్షణ ఉందా?" అని అడుగుతారు. అగ్రిమెంటు మీద స్వాధీనంలో ఉన్న కొనుగోలుదారుని అమ్మినవాడు ఖాళీ చేయించకుండా కాపాడే సెక్షన్ అది. 2001 సెప్టెంబరు 24కి ముందు రాసుకున్నారా, తర్వాతా అని నేను అడగాలి. ఆ తేదీ తర్వాతి అగ్రిమెంట్లు రిజిస్టరు కాకపోతే 53ఎ కింద పనికిరావని సవరణ వచ్చింది కాబట్టి. జీపీఏ (జనరల్ పవరాఫ్ అటార్నీ) మీద కొన్నవాడు, అలాంటి అమ్మకంతో హక్కు రాదన్న సుప్రీంకోర్టు సూరజ్ ల్యాంప్ తీర్పు తర్వాత తన పరిస్థితి ఏమిటంటాడు. వాళ్ళు అడిగేది పరీక్ష కోసం కాదు, చేతిలో ఉన్న కాగితం గురించి. మా హైకోర్టు ఏమందో చూసుకోకుండా జవాబు చెప్పడానికి నాకు నోరు రాదు. ఆ తీర్పులు ఏఎల్‌డీ, ఏఎల్‌టీ అనే తీర్పుల పత్రికల వాల్యూముల్లో ఉంటాయి. వాల్యూములు రిఫరెన్సు సెక్షన్లో ఉంటాయి. రిఫరెన్సు సెక్షన్ ఐదింటికి మూసేస్తారు.

బార్ అసోసియేషన్ లైబ్రరీ ఉంది కదా అంటారు. ఉంది, నాకు చాలా మేలు చేసింది కూడా. అయితే అదీ కోర్టు వేళల్లోనే. అక్కడి పుస్తకం పక్క హాల్లో వాదించబోయే వకీలుకి ఏ నిమిషాన కావాల్సి వస్తుందో తెలియదు, ఇంటికి తీసుకెళ్ళడం ధర్మం కాదు. పైగా అక్కడ ఉండేవి కేసుకి పనికొచ్చే పుస్తకాలు. జ్యూరిస్‌ప్రుడెన్సు (న్యాయ సిద్ధాంతం) మీదో, లీగల్ హిస్టరీ మీదో పుస్తకం కోసం బార్ లైబ్రరీకి వెళ్ళేవాళ్ళెవరూ ఉండరు.

మా లైబ్రేరియన్ గారి పక్షం కూడా చెప్పాలి, ఎందుకంటే ఆయన మీద నాకు కోపం లేదు. ఒకరోజు శనివారం మధ్యాహ్నం వెళ్ళి అడిగితే లైబ్రరీకి వచ్చిన ప్రతి పుస్తకం నమోదు చేసే యాక్సెషన్ రిజిస్టరు తీసి చూపించారు. ఎర్ర సిరాతో చుట్టిన ఎంట్రీలన్నీ మానేసి వెళ్ళిపోయిన గెస్టులు తిరిగి ఇవ్వని పుస్తకాలు. "రెగ్యులర్ వాళ్ళు వెళ్ళేటప్పుడు బాకీ ఏమీ లేదనే నో డ్యూస్ కాగితం లేకపోతే సెటిల్‌మెంట్ ఆగిపోతుంది మేడమ్. మీవాళ్ళు ఒక సెమిస్టర్ చెప్పి రారు. ఫోన్ ఎత్తరు. స్టాక్ వెరిఫికేషన్లో లెక్క తగ్గితే నన్నే అడుగుతారు." ఆయన మాటలో నిజం ఉంది. ఒక్కో కామెంటరీ రెండు మూడు వాల్యూములు, ధర వేలల్లో. ఒక వాల్యూము పోతే సెట్టంతా చెడినట్టే.

అయితే ఆ భయానికి మందు కూడా పాత రూల్సులోనే ఉంది. కేంద్ర ప్రభుత్వ జనరల్ ఫైనాన్షియల్ రూల్సు, 2017లో 215వ రూలు లైబ్రరీల గురించి చెబుతూ, ఏడాదిలో ఇచ్చిన, చూసిన ప్రతి వెయ్యి వాల్యూములకి 5 పోవడం సహజమేనని ఒప్పుకుంటుంది, మోసమో నిర్లక్ష్యమో లేకపోతే. విలువ 1000 రూపాయలు దాటిన పుస్తకం పోతే మాత్రం విచారించమంటుంది. ప్రైవేటు కాలేజీకి ఆ రూలు వర్తించదు. కాని లైబ్రరీ నడిపితే కొంత నష్టం ఉంటుందని, దానికి కౌంటర్లో కూర్చున్న మనిషిని పట్టుకోకూడదని ప్రభుత్వమే రాసుకున్నప్పుడు, మన మేనేజిమెంట్లు ఆ మాట ఒక కాగితం మీద రాసి ఇవ్వడానికి అడ్డేముంది? ఆ భరోసా లేని లైబ్రేరియన్ పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేస్తాడు. ఆయన స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు.

వేళల సంగతి కూడా అంతే. బార్ కౌన్సిల్ 2008 లీగల్ ఎడ్యుకేషన్ రూల్సులో, రెసిడెన్షియల్ కాని కాలేజీల్లో క్లాసులు పొద్దున 8 నుంచి రాత్రి 7 దాకా పెట్టుకోవచ్చని, లైబ్రరీ మాత్రం రాత్రి 10 దాకా తెరిచి ఉంచవచ్చని ఉంది.  ఇన్‌స్పెక్షన్‌కి వచ్చేవాళ్ళు పుస్తకాల సంఖ్య చూస్తారు, బిల్లులు చూస్తారు. ఏ పుస్తకం ఎంతమంది చేతుల్లో తిరిగిందో డ్యూ డేట్ స్లిప్పులు తిప్పి చూస్తే కాలేజీ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. మా దగ్గర కొన్ని మంచి పుస్తకాల వెనక స్లిప్పు మీద ఒక్క ముద్ర కూడా లేదు. చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

ఇక తీర్పులు వెతుక్కునే ఆన్‌లైన్ డేటాబేసులు. కాలేజీ చందా కట్టింది, మంచిదే. కాని అవి క్యాంపస్ నెట్‌వర్క్ మీదే తెరుచుకుంటాయి. ఇంటి నుంచి వాడాలంటే విడిగా లాగిన్ కావాలి, ఆ లాగిన్లు రెగ్యులర్ వాళ్ళ పేర్ల మీదే పుట్టాయి. అడిగితే లైసెన్సులో లేదన్నారు. లైసెన్సు చూపించమంటే ఆఫీసులో ఉందన్నారు. ఇలాంటి ఒప్పందాల్లో వాడుకదారు అంటే ఎవరో రాసుకునేది చందా కట్టే సమయంలోనే. "ఆ విద్యాసంవత్సరంలో బోధించే వారందరూ" అని ఒక ముక్క కలపమని రెన్యువల్ అప్పుడు అడగాలి. సంవత్సరం మధ్యలో అడిగితే ఎవరూ ఏమీ చేయలేరు.

ఉచితంగా దొరికేవి నేను బాగా వాడుకుంటాను, తోటి గెస్టులకీ చెబుతుంటాను. 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఈ-ఎస్‌సీఆర్ అనే వెబ్‌సైటు తెరిచింది, అధికారిక రిపోర్టుల్లోని తీర్పులన్నీ డబ్బు కట్టకుండా చదవొచ్చు. కొన్ని తీర్పులకు తెలుగు అనువాదాలు కూడా పెడుతున్నారు, మా పల్లెటూరి పిల్లలకి అవి దారి చూపిస్తున్నాయి. చట్టాలు యథాతథంగా చదవడానికి ఇండియా కోడ్ అనే ప్రభుత్వ సైటు ఉంది. తీర్పు నకలు పంచడానికి కాపీరైటు భయం అక్కర్లేదు, కోర్టు తీర్పుని పునర్ముద్రించడం ఉల్లంఘన కాదని కాపీరైటు చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. తీర్పులు అచ్చువేసే ప్రైవేటు పత్రిక పైన రాసుకున్న సారాంశం, అంటే హెడ్‌నోట్, మాత్రం వాళ్ళ సొత్తు, దాన్ని తీసేసి తీర్పు వరకే ఇవ్వాలి. పుస్తకంలోంచి క్లాసుకి కావలసిన భాగం జిరాక్స్ తీసి ఇవ్వడం కూడా బోధనలో భాగమైతే తప్పు కాదని ఢిల్లీ యూనివర్సిటీ జిరాక్స్ షాపు కేసులో ఢిల్లీ హైకోర్టు 2016లో తేల్చింది. ఈ సంగతి మా లైబ్రేరియన్ గారికి చెప్పాక, రిఫరెన్సు పుస్తకంలోంచి ఒక అధ్యాయం జిరాక్స్ తీయించడానికి ఒప్పుకున్నారు. అది పెద్ద ఉపకారం.

అయినా తీర్పులు దొరికినంత మాత్రాన కామెంటరీ అవసరం తీరదు. యాభై ఏళ్ళ తీర్పులని ఒక వరుసలో పేర్చి, ఏది నిలిచింది, ఏది పోయింది అని చెప్పే పని ఆ పుస్తకాలది. అవి ఉచితంగా ఏ సైట్‌లోనూ లేవు. కొనుక్కోవచ్చు కదా అంటే, నేను పాఠానికి తీసుకునే రెమ్యూనరేషన్ నెలంతా కలిపినా ఒక సెట్టు రాదు. వకాలతు ఫీజుల మీద బతికే జూనియర్ల మాట చెప్పనే అక్కర్లేదు. వాళ్ళలో చాలా బాగా చెప్పేవాళ్ళున్నారు, పుస్తకాలు అందక మానేస్తున్నారు.

పక్క జిల్లాలో ఒక కాలేజీలో నా స్నేహితురాలు చెబుతుంది. అక్కడ పద్ధతి చూసి నాకు ధైర్యం వచ్చింది. సెమిస్టర్ మొదట్లో ప్రిన్సిపాల్ సంతకంతో ఒక కాగితం లైబ్రరీకి వెళుతుంది. ఫలానా సబ్జెక్టు ఫలానావారు చెబుతున్నారు, చివరి పరీక్ష ఫలానా తేదీ. ఆ సబ్జెక్టు పుస్తకాలు ఆ తేదీ దాకా ఆవిడ పేరు మీద ఉంటాయి, రెగ్యులరా గెస్టా అని అడగరు. చివరి నెల రెమ్యూనరేషన్ నో డ్యూస్ మీద సంతకం పడ్డాకే ఇస్తారు. డిపాజిట్ లేదు. పుస్తకాలు తిరిగొస్తున్నాయి. అప్పు ఇవ్వాల్సింది ఉద్యోగం చూసి కాదు, చెప్పే పాఠం చూసి. నేను అడుగుతున్నది ఈ ఒక్కటే.

ఈ విద్యాసంవత్సరం మొదట్లో మా ప్రిన్సిపాల్ గారికి అదే రాసి ఇచ్చాను. గెస్ట్ ఫ్యాకల్టీకి రూల్సులో విడిగా ఒక వరుస పెట్టమన్నాను. వారంలో రెండు రోజులైనా లైబ్రరీ రాత్రి ఎనిమిది దాకా ఉంచమన్నాను. రిఫరెన్సు పుస్తకం, రెండో కాపీ ఉన్నంత వరకు, సాయంత్రం తీసుకుని మర్నాడు క్లాసుకి వచ్చేటప్పుడు ఇచ్చేలా రాత్రి పూట ఇష్యూ కావాలన్నాను. డేటాబేసు రెన్యువల్‌లో మా పేర్లు చేర్చమన్నాను. లైబ్రేరియన్ గారు కూడా కింద సంతకం పెట్టారు, నష్టం లెక్క గురించి తన మాట ఒకటి కలిపి.

ప్రిన్సిపాల్ గారు సాంతం చదివారు. రాత్రి పూట ఇష్యూకి ఒప్పుకున్నారు. మంగళ, శుక్రవారాల్లో లైబ్రరీ ఎనిమిది దాకా ఉంటుంది, అటెండరు వంతుల వారీగా కూర్చుంటున్నారు. డిపాజిట్ ఎత్తేయడం, గెస్టు వరుస పెట్టడం గవర్నింగ్ బాడీ ముందుకు వెళ్ళాలన్నారు. డేటాబేసు చందా మార్చిలో రెన్యువల్‌కి వస్తుంది. దానికి ముందే, ఫిబ్రవరిలో, ఒప్పందం కాపీ చూపించమని మళ్ళీ రాసి ఇస్తాను.