ఏడు డాలర్ల వార్త: నా అనుభవం

2016 జులైలో ఒకరోజు పొద్దున్నే మా ఎండీ గారు ఫోన్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టారు. "చూశావా? ఇక విండోస్ 10కి నెలకి ఏడు డాలర్లట. మనం కొనుక్కున్న కంప్యూటర్‌కి మనమే అద్దె కట్టాలన్నమాట!" ఆఫీసులో మొత్తం నలభై మెషిన్లు. లెక్క ఆయన అప్పటికే కట్టేశారు: నెలకి 280, ఏడాదికి 3,360 డాలర్లు. సాయంత్రంలోగా తేల్చమని చెప్పి వెళ్లిపోయారు.

ఆయన కంగారు ఉత్తుత్తిది కాదు. 2013లో అడోబీ తన డిజైన్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్లు ఇక చందా మీదే దొరుకుతాయని ప్రకటించింది. ఒకసారి డబ్బు కట్టి సొంతం చేసుకునే రకానికి సీఎస్6 అనే వెర్షనే ఆఖరు. అది చూసినవాళ్లకి ఇది నమ్మశక్యంగానే ఉంటుంది. పైగా విండోస్ 10కి ఉచితంగా మారే గడువు ఆ జులై 29తో ముగుస్తోంది. ఉచితం అయిపోగానే అద్దె మొదలు. కథ అంత చక్కగా అతుక్కుంటే ఎవరు మాత్రం అనుమానిస్తారు? నేనూ ఓ పది నిమిషాలు నమ్మాను.

తర్వాత వార్త పక్కన పెట్టి మైక్రోసాఫ్ట్ అసలు ప్రకటన తెరిచాను. శీర్షికలో లేని మాట ఒకటి అక్కడ ఉంది: 'ఎంటర్‌ప్రైజ్ ఇ3'. వార్తలోనూ ఉందిలెండి, నాలుగో పేరాలో. మా ఎండీ గారు ఏ వార్తనూ అంత దూరం చదవరు.

సంగతేమిటంటే, పెద్ద సంస్థల కోసం చేసిన విండోస్ ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ అంతకుముందు వాల్యూమ్ లైసెన్సింగ్ (లైసెన్సులు టోకున కొనే) ఒప్పందం ఉన్న సంస్థలకే దొరికేది. దాన్నిప్పుడు ఇ3 పేరుతో, రీసెల్లర్ల (మైక్రోసాఫ్ట్ తరఫున అమ్మే కంపెనీల) ద్వారా, ఒక్కరికైనా సరే, నెలకి ఏడు డాలర్లకి ఇస్తామన్నారు. అంటే అప్పటిదాకా చిన్న ఆఫీసులకి మూసి ఉన్న తలుపు తెరిచారు. వార్తలో అది తెరిచి ఉన్న తలుపుకి తాళం వేసినట్టు వచ్చింది. ఏడు డాలర్ల అంకె నిజమే. ఎవరికి, దేనికి అన్న రెండు ముక్కలే శీర్షికలోంచి జారిపోయాయి.

ఇంకా చదివితే ఎండీ గారి లెక్క కూడా తప్పని తేలింది. ఆ చందా మెషిన్‌కి కాదు, మనిషికి. ఒక్కో మనిషికి అయిదు డివైజ్‌ల దాకా చెల్లుతుంది. షిఫ్టుల్లో, రెండో సిస్టమ్ మీద పనిచేసేవాళ్లని కలిపి చూసినా మా దగ్గర ఉన్నది ముప్ఫై ఒక్కరే. అన్నిటికన్నా ముఖ్యమైన షరతు మరొకటి: మెషిన్‌లో ముందే విండోస్ 10 ప్రో, అంటే వ్యాపారాలకి పనికొచ్చే మామూలు ఎడిషన్, ఉండాలి. చందా ఆగిపోతే, గరిష్ఠంగా 90 రోజుల వెసులుబాటు తర్వాత, మెషిన్ మళ్లీ ప్రోకి వచ్చేస్తుంది. కంప్యూటర్ ఆగిపోవడం అన్నదే లేదు.

ప్రో ఎన్నిటిలో ఉందో చూద్దామని మెషిన్ మెషిన్ దగ్గరికీ వెళ్లి సెట్టింగ్స్ తెరిచాను. అక్కడ బయటపడింది అసలు తలనొప్పి. ఆరింటిలో ఇళ్లలో వాడుకునే హోమ్ ఎడిషన్ ఉంది. ఎవరో ఎప్పుడో తొందరలో కొన్నారు; హోమ్ మెషిన్ డొమైన్‌లో (ఆఫీసు కంప్యూటర్లన్నిటికీ ఒకేచోటి నుంచి నియమాలు పెట్టే ఏర్పాటులో) చేరదు కాబట్టి, పాస్‌వర్డ్ నియమాలేవీ లేకుండా అలా వదిలేశారు. అకౌంట్స్ వాళ్లవి రెండు ఆ ఆరింటిలోనే! తప్పుడు శీర్షిక పుణ్యమా అని నాకు దొరికిన నిజమైన ఖర్చు అదే: ఆరు ప్రో అప్‌గ్రేడ్‌లు.

ఈలోగా మా రీసెల్లర్ దగ్గర్నుంచి ఇ3కి ధర కోట్ వచ్చిపడింది, అడగకుండానే, నలభై మందికి. ఇ3లో నాకు పనికొచ్చేలా కనిపించింది లాగిన్ వివరాల్ని విడిగా దాచిపెట్టే క్రెడెన్షియల్ గార్డ్ ఒక్కటే. దానికి యూఈఎఫ్ఐ సెక్యూర్ బూట్ (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు నమ్మదగ్గ సాఫ్ట్‌వేర్‌నే రానిచ్చే ఏర్పాటు), వర్చువలైజేషన్ (ఒకే మెషిన్‌లో విడి గదిలా మరో మెషిన్ నడిపే సదుపాయం) ఉన్న హార్డ్‌వేర్ కావాలి. మా పాత మెషిన్లలో సగానికి పైగా ఆ పరీక్ష దాటలేదు. కోట్ వెనక్కి పంపేశాను. సాయంత్రం ఎండీ గారికి ఒక్క కాగితం ఇచ్చాను: ఇ3 సున్నా, ప్రో ఆరు. ఆయన కాస్త నిరాశపడ్డట్టే అనిపించింది. నలుగురికీ ఫోన్ చేసి చెప్పేసి ఉంటారు మరి.

నిజంగా ధర పెరిగినప్పుడు ఏమైందో కూడా చెప్పాలి. 2021 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ 365 (వర్డ్, ఎక్సెల్, మెయిల్ లాంటివి కలిపిన ప్యాకేజీ) వ్యాపార చందాలు పెంచుతున్నట్టు ప్రకటించారు. 2022 మార్చి నుంచి అమలు. మేం వాడే బిజినెస్ ప్రీమియం ఏడాది ఒప్పందం మీద మనిషికి నెలకి 20 నుంచి 22 డాలర్లయింది. ఆ రెండు డాలర్ల కంటే కొత్త షరతులే నన్ను కూర్చోబెట్టాయి. ఏడాది ఒప్పందంలో, కొన్న మొదటి కొద్ది రోజులు దాటాక, రెన్యువల్ దాకా సీట్లు (చందా కట్టే మనుషుల సంఖ్య) తగ్గించడానికి లేదు. ఎప్పుడైనా తగ్గించుకునే నెలవారీ ఒప్పందం కావాలంటే 20 శాతం ఎక్కువ, అంటే 26.40. వచ్చి పోయే ట్రైనీలు ఏడాదిలో అయిదారు నెలలే ఉంటారు కాబట్టి వాళ్ల అయిదు సీట్లు నెలవారీ, మిగతా ఇరవై ఎనిమిదీ ఏడాది. ఈ విభజనకి నాకు రెండు రోజులు పట్టింది.

కాగితాలు తీసుకెళ్తే ఎండీ గారు పెరిగిన మొత్తం చూశారు. ఇరవై ఎనిమిది మందికి ఏడాదికి 672 డాలర్లు, పైన ట్రైనీల సంగతి వేరే.

"ఇంతేనా?" అని సంతకం పెట్టేశారు.