కోరింగలో చెట్టెక్కిన ఎండ్రకాయలు

మిర్యాలగూడ నుంచి కోదాడ, విజయవాడ, రాజమండ్రి మీదుగా కాకినాడ చేరేసరికి చీకటి పడింది. దారిలో చెప్పుకోదగ్గ విశేషమేమీ లేదు, కాలువ కనబడ్డ చోటల్లా నాయిన కారు ఆపమన్నాడు తప్ప. సాగర్ ఎడమ కాలువ కింద వరి పండించే మనిషి, గోదావరి కాలువలు చూసి కుళ్లుకోకుండా ఎలా ఉంటాడు?

మర్నాడు పొద్దున్నే కోరింగ మడ అడవికి వెళ్లాం. చెక్క వంతెన మీద నడుస్తుంటే కింద బురదలోంచి మడచెట్ల శ్వాసవేర్లు పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. పోటు ఎక్కుతోంది. ముందు చూసింది నాయినే.

"అరే, గిదేందిరా! ఎండ్రకాయ చెట్టెక్కింది!"

నీళ్లకు జానెడు పైన మానుకు అతుక్కుని ఉంది. చదునైన నలుచదరపు ఒళ్లు, ఊదారంగు డెక్కలు. మేం వంగి చూడగానే పక్కకు జరిగి మాను అవతలికి పోయింది. మేం అటు తిరిగితే అది ఇటొచ్చింది. కాళ్ల కొసలు గుండుసూదుల్లా ఉన్నాయి. వాటిని బెరడు పగుళ్లలో ఒక్కొక్కటే దింపుకుంటూ ఎక్కుతోంది.

"పోటుతో పాటు పెద్ద చేపలు లోపలికొచ్చేస్తాయండి. వాటికి చిక్కకుండా పీతలు పైకెక్కేస్తాయి" అన్నాడు అక్కడే ఉన్న పడవతను.

ఇవి సెసార్మిడ్ కుటుంబానివి. మొప్పల గదిలో కాసిని నీళ్లు దాచుకుంటాయి. ఆ నీళ్లు నోటి పక్కనుంచి బయటికొచ్చి, ఒంటిమీది సన్నటి నూగులో పారుతూ గాలిలోని ఆక్సిజన్ కలుపుకుని మళ్లీ మొప్పల్లోకే పోతాయి. ఇది చెప్తే నాయిన టక్కున పట్టేశాడు: "ఉన్న నీళ్లనే తిప్పుకుంటదన్నమాట."

కేరళలో ఇంకో వింత ఉంది. అక్కడి పడమటి కనుమల్లో, చెట్టు తొర్రల్లో నిలిచిన నీళ్లలోనే కాపురముండే ఎండ్రకాయను గుర్తించి 2017లో 'కాని మరంజండు' అని పేరు పెట్టారు. మడ అడవికీ దానికీ సంబంధం లేదు.

మా దిక్కు ఎండ్రకాయ అంటే ఒడ్డుకు బొక్క పెట్టి, మడిలో నీళ్లు కింది పొలానికి పంపే శత్రువు. ఇక్కడ అవే బొరియల వల్ల గాలాడని బురదలోకి గాలీ నీరూ దిగుతాయి. రాలిన మడ ఆకుల్ని లోపలికి లాక్కెళ్లి తింటాయి కాబట్టి ఆ సారం ఎక్కువగా అక్కడి మట్టికే మిగులుతుంది. నాయిన అంత తేలిగ్గా ఒప్పుకునే రకం కాదు.

"మరి ఒడ్లు తెగవా?"

"ఇక్కడ ఒడ్లెక్కడివండీ!" అని నవ్వాడు పడవతను.

వెళ్లేవాళ్లు పోటు వేళ కనుక్కుని బయల్దేరండి. నీళ్లు లాగేశాక వెళ్తే చాలావరకు బురదలోనే తిరుగుతుంటాయి.