పెదనాన్న తప్పెటగుళ్ళ వీడియో టీవీలో ఆడేదాకా: నా అనుభవం

గంట్యాడ మండలంలో మా ఊరు. మా పెదనాన్న అక్కడ తప్పెటగుళ్ళ బృందానికి గురువు. రేకు తప్పెటను ఛాతీకి కట్టుకుని, రెండు అరచేతులతో వాయిస్తూ, గజ్జెల కాళ్ళతో గుండ్రంగా తిరుగుతూ పాడే ఆట అది. విజయనగరం, శ్రీకాకుళం వైపు వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. 2012 సంక్రాంతికి బృందం ఆడిన ఆటంతా మా బావ హ్యాండీక్యామ్‌తో తీసి, కార్డులో ఉన్న ఫైళ్ళను హార్డ్‌డిస్కులో వేసి పెట్టాడు. ఆ రోజు ఆడినవాళ్ళలో కొందరు ఇప్పుడు లేరు. కొందరు పనుల కోసం ఊరు వదిలి వెళ్ళిపోయారు. ఈమధ్య కొత్త కుర్రాళ్ళు నేర్చుకోవడానికి వస్తున్నారు. "ఆ ఈడియో టీవీలో ఏసి సూపిత్తే గుంటలకి అడుగులు తెలుస్తాయిరా" అని పెదనాన్న అడిగారు.

పని చిన్నదే అనిపించింది. ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లో వేసి పెదనాన్న ఇంట్లో టీవీకి పెడితే బొమ్మ వచ్చింది, సౌండ్ లేదు. హ్యాండీక్యామ్ ఫైళ్ళు ఏవీసీహెచ్‌డీ అనే పద్ధతిలో ఉంటాయి. సోనీ, పానాసోనిక్ కలిసి 2006లో తెచ్చిన పద్ధతి ఇది. ఫైలు పేరు చివర ఎంటీఎస్ అని ఉంటుంది. లోపల వీడియోను హెచ్ 264 అనే పద్ధతిలో, ఆడియోను సాధారణంగా డాల్బీ కంపెనీ వాళ్ళ ఏసీ3 అనే పద్ధతిలో కుదించి దాస్తారు. ఆ డాల్బీ ఆడియోను విప్పే ఏర్పాటు లేని టీవీలు చాలా ఉన్నాయి. అలాంటి టీవీలో మూగబొమ్మే వస్తుంది.

ఇంతకుముందే బావ ఆ ఫైళ్ళను ఒక స్టూడియోలో ఇచ్చి ఎంపీ4 చేయించి ఉంచాడు. అది పెడితే సౌండ్ వచ్చింది. కానీ పెదనాన్న ఒక నిమిషం చూసి ఆపేయమన్నారు. "కాళ్ళ మీద దువ్వెన పళ్ళు లేచినట్టు ఆ గీతలేటిరా? దెబ్బ ముందొస్తంది, చెయ్యి తరవాత పడతంది" అన్నారు. నాకు గీతలు కనిపించాయి గానీ దెబ్బ తేడా తెలియలేదు. జీవితమంతా తప్పెట వాయించిన చెవి కదా, ఆయనకు వెంటనే పట్టేసింది. ఆయన చెప్పిన ఆ రెండు లోపాల వెంటే నా పనంతా నడిచింది.

స్టూడియో ఎంపీ4ను బాగుచేయడం కుదరదని తొందరగానే తేలింది. కారణం తెలియాలంటే కెమెరా ఎలా తీసిందో చూడాలి. మీడియాఇన్ఫో అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఫైలును దాని మీద లాగి వదిలితే లోపల ఏముందో మొత్తం చెప్పేస్తుంది. కన్వర్షన్ మొదలుపెట్టే ముందు ఈ ఒక్క పని తప్పకుండా చేయమని ఎవరు అడిగినా చెబుతాను. మా ఫైళ్ళకు అది చూపించినది ఇది: 1920×1080, సెకనుకు 25 ఫ్రేములు (బొమ్మలు), స్కాన్ టైప్ ఇంటర్‌లేస్డ్, టాప్ ఫీల్డ్ ఫస్ట్ (పై గీత ఉన్న సగం ముందు), బిట్‌రేట్ (సెకనుకు పట్టే డేటా) 17 మెగాబిట్ల దగ్గర, ఆడియో ఏసీ3, 48 కిలోహెర్ట్జ్.

అసలు కథంతా ఆ ఇంటర్‌లేస్డ్‌లోనే ఉంది. కెమెరా సెకనుకు 25 సార్లు కాదు, 50 సార్లు చూస్తుంది. చూసిన ప్రతిసారీ సగం గీతలనే దాచుకుంటుంది: ఒకసారి బేసి గీతలు 540, మరోసారి సరి గీతలు 540. ఈ రెండు సగాలనూ ఒకదానిలో ఒకటి నేసి ఒక ఫ్రేము అంటుంది. మొదటి సగానికీ రెండో సగానికీ మధ్య సెకనులో 50వ వంతు గడుస్తుంది. మనిషి నిలబడి ఉంటే ఏ తేడా ఉండదు. తప్పెటగుళ్ళలో కాలు ఆ కాస్త వ్యవధిలోనే బెత్తెడు జరిగిపోతుంది. అందుకే ఒకే ఫ్రేములో కాలు రెండు చోట్ల, గీత విడిచి గీతగా కనిపిస్తుంది. పెదనాన్న చెప్పిన దువ్వెన పళ్ళు అవే.

అసలు ఫైలులో ఇది లోపం కాదు. రెండు సగాలూ శుభ్రంగా విడివిడిగా ఉన్నాయి కాబట్టి ఎప్పుడైనా విడదీయవచ్చు. స్టూడియోలో మాత్రం విడదీయకుండానే 1080 గీతలను 720కి కుదించారు. కుదించేటప్పుడు పక్కపక్క గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఆ తర్వాత ఏది బేసో ఏది సరో తీయడానికి దారి లేదు. బావ అసలు ఎంటీఎస్ ఫైళ్ళను డిలీట్ చేయకుండా ఉంచాడు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ సంక్రాంతి ఆట అలా పళ్ళతోనే మిగిలిపోయేది. కన్వర్ట్ చేయించాక జాగా కోసం ఒరిజినల్స్ తీసేసే ఇళ్ళు నాకు చాలా తెలుసు. వాళ్ళందరికీ ఈ మాట చేరాలనే ఇది రాస్తున్నాను.

ఇక రెండోది, దెబ్బ తేడా. దీన్ని కళ్ళతో చూడాలనిపించింది. పాత ఎంపీ4ను ఒక్కో ఫ్రేమూ జరుపుకుంటూ ముందు వరసలో ఉన్నాయన అరచెయ్యి రేకును తాకే ఫ్రేమును పట్టుకున్నాను. అదే ఫైలు సౌండును ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచాను. తప్పెట దెబ్బ అక్కడ నిట్టనిలువు గీతలా లేస్తుంది, పొరబడే అవకాశం లేదు. రెండు సమయాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఆట మొదట్లో సౌండ్ కొద్దిగా ముందుంది. పదిహేను నిమిషాలు దాటాక తేడా ఒక్కసారిగా పెరిగి, అక్కడి నుంచి అలాగే ఉండిపోయింది. మెల్లగా పెరుగుతూ వచ్చి ఉంటే ఫ్రేమ్‌రేట్ తేడా అని అనుమానించాలి. ఫోనుతో తీసిన వీడియోల్లో ఫ్రేమ్‌రేట్ నిలకడగా ఉండదు కాబట్టి అలా తరచుగా జరుగుతుంది. ఒక్కచోట గెంతింది అంటే మాత్రం అక్కడ ఏదో అతుకు ఉన్నట్టే.

నిజంగానే ఉంది. ఈ కెమెరా ఆపకుండా తీస్తున్నా సరే, ఫైలు 2 జీబీ చేరగానే దాన్ని మూసేసి కొత్త ఫైలు తెరుస్తుంది. సెకనుకు 17 మెగాబిట్ల లెక్కన 2 జీబీ అంటే సుమారు పదహారు నిమిషాలు. కెమెరా తెంపేటప్పుడు పాట అయిందా, దెబ్బ పడిందా అని చూడదు, సైజు ఒక్కటే చూస్తుంది. అందువల్ల ఆడియోలో ఒక తునక సగం ఈ ఫైలు చివర, మిగతా సగం తర్వాతి ఫైలు మొదట్లో పడుతుంది. ఏసీ3లో ఒక్కో తునక 1536 శాంపిళ్ళు (సౌండ్ కొలతలు), అంటే 32 మిల్లీసెకన్లు. ఫైళ్ళను విడివిడిగా కన్వర్ట్ చేసి తర్వాత అతికిస్తే, సగం తునకలు పనికిరావని సాఫ్ట్‌వేర్ రెండు వైపులా పారేస్తుంది. మాటల వీడియోలో ఇది ఎవరికీ తెలియదు. తాళం మీద నడిచే ఆటలో తెలిసిపోతుంది, పైగా సౌండ్ అంతా ముందుకు జరిగిపోతుంది.

దీనికి మందు చాలా తేలిక. కన్వర్ట్ చేయకముందే, ఒరిజినల్ ఫైళ్ళను ఉన్నవి ఉన్నట్టు బైటు పక్కన బైటు పెట్టి కలిపేయాలి. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో కాపీ కమాండ్‌కు స్లాష్ బీ తగిలించి, ఫైళ్ళ పేర్ల మధ్య ప్లస్ గుర్తు పెడితే చాలు. సగం తునక తన రెండో సగాన్ని కలుసుకుంటుంది. అయితే కెమెరా తనంతట తాను తెంపిన ఫైళ్ళకే ఇది పనికొస్తుంది. బావ రికార్డింగ్ ఆపి మళ్ళీ మొదలుపెట్టిన చోట టైమ్ లెక్క కొత్తగా మొదలవుతుంది, అక్కడ ఇలా కలపకూడదు. ఏది ఏదో సైజు చూస్తే తెలుస్తుంది: నిండా 2 జీబీ ఉన్న ఫైలుకు తర్వాతి ఫైలు కొనసాగింపు, అంతకంటే చిన్న ఫైలు దగ్గర రికార్డింగ్ ఆగింది.

మొదట్లో ఉన్న చిన్న తేడాకు కారణం వేరు. ఎంటీఎస్ ఫైలులో ఆడియో, వీడియో ఒకే క్షణాన మొదలవ్వాలని లేదు. ఒకటి కాస్త వెనక మొదలవుతుంది, ఆ సంగతి ఫైలులోనే రాసి ఉంటుంది. ఆ రాతను పట్టించుకోకుండా రెండింటినీ సున్నా దగ్గర పెట్టే కన్వర్టర్లు ఉన్నాయి. నేను వాడిన ఎఫ్ఎఫ్ఎంపెగ్ దాన్ని గౌరవించింది. ఇది ఫాబ్రిస్ బెల్లార్డ్ 2000లో మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్. నల్ల తెరలో కమాండ్లు రాయాలంటే మొదట టెన్షన్‌గా ఉంటుంది గానీ, ఏ పని ఎందుకు చేస్తోందో దాచకుండా చెబుతుంది. బటన్లు కావాలనుకునేవాళ్ళకు హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్ మంచిది.

ఇక సగాలను విడదీయడం. దీన్ని డీఇంటర్‌లేస్ అంటారు. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో యాడిఫ్, బీడబ్ల్యూడిఫ్ అని రెండు ఫిల్టర్లు ఉన్నాయి. రెంటినీ రెండు రకాలుగా నడపవచ్చు. రెండు సగాలకూ కలిపి ఒక బొమ్మ తీస్తే సెకనుకు 25 బొమ్మలు వస్తాయి. ఒక్కో సగం నుంచి ఒక పూర్తి బొమ్మ తయారుచేస్తే 50 వస్తాయి. యాడిఫ్‌కు మనం ఏమీ చెప్పకపోతే 25 ఇస్తుంది. గీతలు పోతాయి, చూడడానికి శుభ్రంగానే ఉంటుంది. కానీ కెమెరా పట్టుకున్న కదలికలో సగం పోయినట్టే. ఆ రకంగా తీసిన ముక్కలో చెయ్యి పైకి లేచి ఉన్న బొమ్మ ఉంది, రేకు మీద పడ్డ బొమ్మ ఉంది, మధ్యలో వేళ్ళు ఎలా విచ్చుకున్నాయో చూపే బొమ్మ లేదు. నేర్చుకునేవాళ్ళకు కావలసింది ఆ మధ్య బొమ్మే. అందుకని బీడబ్ల్యూడిఫ్‌తో 50 బొమ్మలూ తీశాను.

1080 గీతలు, సెకనుకు 50 బొమ్మలు. ల్యాప్‌టాప్‌లో చూస్తే కళ్ళు చెదిరేంత బాగుంది. పెదనాన్న టీవీ మాత్రం దాన్ని ఒప్పుకోలేదు. హెచ్ 264లో లెవెల్ అనే కొలత ఉంది, టీవీలో వీడియోను విప్పే డీకోడర్ సెకనుకు ఎంత బరువు మోయగలదో చెబుతుంది. 1080లో 50 బొమ్మలకు లెవెల్ 4.2 కావాలి. పాత టీవీలు చాలావరకు 4.1 దగ్గర ఆగిపోతాయి. హెచ్ 264 తర్వాత వచ్చిన హెచ్‌ఈవీసీ పద్ధతి అయితే ఆ టీవీకి అసలు తెలియదు. ఇక మిగిలినవి రెండే: గీతలు తగ్గించుకోవడం, లేదా బొమ్మలు తగ్గించుకోవడం. సినిమా అయితే గీతలే ముఖ్యం అనేవాణ్ణి. ఆటకు కదలికే ప్రాణం. 720 గీతలు, 50 బొమ్మలు అని నిర్ణయించాను. అది 4.1 కంటే బాగా కిందే ఉంటుంది. ముందు సగాలు విడదీసి, తర్వాతే కుదించాలి. ఈ వరస తిరగబడితే మళ్ళీ స్టూడియో ఫలితమే.

క్వాలిటీ కోసం సీఆర్ఎఫ్ అనే అంకె ఇవ్వాలి. తక్కువ అంకెకు నాణ్యత ఎక్కువ, ఫైలూ పెద్దదవుతుంది. మొత్తం వీడియో మీద కాకుండా, అన్నిటికంటే కష్టమైన ఒక్క నిమిషం మీద పరీక్షించాను. అందరూ ఒక్కసారి గెంతుతూ తిరిగే చోట కాళ్ళ కింద దుమ్ము లేస్తుంది. ఆ దుమ్ము వీడియోను కుదించే ఎన్‌కోడర్‌కు యమపరీక్ష. 23 దగ్గర దుమ్ము గళ్ళు గళ్ళుగా ముద్దకట్టింది, 18 దగ్గర దుమ్ములాగే ఉంది. ల్యాప్‌టాప్ చిప్‌లో ఉన్న హార్డ్‌వేర్ ఎన్‌కోడర్ పని చాలా వేగంగా ముగించింది గానీ, అదే సైజులో దుమ్మును అంత బాగా నిలపలేదు. ఎక్స్264 అనే సాఫ్ట్‌వేర్ ఎన్‌కోడర్‌కే అప్పగించి, రాత్రి నడవనిచ్చాను. ఆడియోను ఏఏసీ అనే పద్ధతిలోకి మార్చాను, టీవీకి నోరొచ్చింది.

పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే ఫార్మాట్‌లో ఉంది, అందులో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. పాటకూ పాటకూ మధ్య ఆగిన చోట చూసి రెండుగా చేశాను.

రాత్రి ఆట తీసిన ఫైళ్ళలో మనుషులు సన్నగా, పొడుగ్గా కనబడ్డారు. అవి 1440×1080లో ఉన్నాయి. వాటిని పక్కలకు సాగదీసి చూపాలని ఫైలులో రాసి ఉంటుంది, కన్వర్ట్ చేసేటప్పుడు ఆ రాత ఎక్కడో జారిపోయింది. 1280×720కి నేరుగా మార్చి, పిక్సెల్ చదరంగా ఉందని చెబితే మనుషులు మనుషుల్లా వచ్చారు.

పెదనాన్న మళ్ళీ చూశారు. ఈసారి ఆపమనలేదు. చాలాసేపు వేళ్ళతో మోకాలి మీద తాళం వేసుకుంటూ చూసి, "ఇప్పుడు దెబ్బ చేతి కిందే ఉంది" అన్నారు. తర్వాత అడిగారు, "ఇది నెమ్మదిగా తిప్పగలవేటి?"

50 బొమ్మలూ దాచుకున్నందుకు ఆ అడిగినది సులువుగా అయింది. వేగం సగం చేసినా సెకనుకు 25 మిగులుతాయి, ఎక్కడా కుదుపు ఉండదు. ఆడియోకు ఏటెంపో అనే ఫిల్టర్ పెట్టి సగానికి తగ్గిస్తే గొంతు లావు కాకుండా పాట నెమ్మదిస్తుంది. ఒక్క పాటను అలా చేసి పట్టుకెళ్ళాను. కుర్రాళ్ళు టీవీ ముందు నిలబడి అడుగు కలుపుతుంటే, పెదనాన్న ఒకచోట ఆపించి తెర మీద వేలు పెట్టారు. "ఈడు ఎడంకాలు ముందేసీసినాడు. ఆయేళ నాను సూసుకోనేదు" అన్నారు. మిగతా పాటలు కూడా అలాగే చేసిమ్మన్నారు. ఆ పనిలోనే ఉన్నాను.