నలభై మూడేళ్లకు ఈత నేర్చుకున్నాను

నిన్న సాయంత్రం 25 మీటర్లు ఆగకుండా ఈదాను. భుజాలు ఇంకా లాగుతూనే ఉన్నాయి, అయినా మర్చిపోకముందే రాసేయాలని కూర్చున్నాను.

నేను పుట్టింది గోదావరి కాలువ గట్టున, కాపురం విజయవాడలో కృష్ణ పక్కన. అయినా నలభై మూడేళ్లు వచ్చేదాకా ఈత రాదు. మా అన్నయ్యకు తాతయ్య ఊరి బావిలో నేర్పాడు. నడుముకు నీళ్లలో తేలే జీలుగు బెండ్లు కట్టి, తాడు కొస తన చేతిలో ఉంచుకుని దింపేవాడు. కొన్నాళ్లకోసారి ఒక్కో బెండు తీసేసేవాడు, తీసిన సంగతి వాడికి చెప్పేవాడు కాదు. నేను గట్టు మీద కూర్చుని చూసేదాన్ని. ఆడపిల్లకు బావిలో పనేంటని నన్ను దిగనివ్వలేదు.

కొలనులో చేరడం పెద్ద కష్టం కాదు. డాక్టర్ సర్టిఫికెట్, రెండు ఫోటోలు, నైలాన్ స్విమ్ సూట్, టోపీ, గాగుల్స్ ఉంటే చాలు. గాగుల్స్ దగ్గర డబ్బుకు చూసుకోకండి. నీళ్లు కారే గాగుల్స్ పెట్టుకుంటే ధ్యాసంతా కళ్ల మీదే ఉంటుంది. ఇంకో మాట, మూడు నెలల ఫీజు ఒకేసారి కట్టకండి. నేను కట్టి పోగొట్టుకున్నాను, ఎలాగో చెబుతాను.

మొదటి చోట కోచ్ ఒక్కరోజు కూడా నీళ్లలోకి దిగలేదు. గట్టు మీద కుర్చీ వేసుకుని, ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో పొడుగాటి కర్ర పట్టుకుని ఉండేవాడు. "కాళ్లు కొట్టండి, చేతులు ఆడించండి, ఊపిరి బిగబట్టండి" అని అన్నీ ఒకేసారి అరిచేవాడు. కాళ్ల మీద ధ్యాస పెడితే చేతులు ఆగిపోయేవి, చేతులు చూసుకుంటే ఊపిరి తప్పేది. నాలుగో రోజు అందరినీ లోతు వైపుకు రమ్మన్నాడు. అక్కడ 9 అడుగులు అని గోడ మీద రాసి ఉంది. నా వెనక పదేళ్ల పిల్లలు వరసలో నిలబడ్డారు.

"దూకండి మేడమ్."

"భయంగా ఉంది సార్, ఇంకో రెండు రోజులు ఇటువైపు చేస్తాను."

"ఈ పిల్లల్ని చూసైనా సిగ్గు తెచ్చుకోండి" అంటూనే వీపు మీద చెయ్యి వేసి తోసేశాడు.

నీళ్లు ముక్కులోంచి కనుబొమల దాకా మంటలా పాకాయి. కాలు నేలను వెతికింది, నేల లేదు. పైన ఆకుపచ్చగా వెలుతురు ఊగుతోంది. అరుద్దామని నోరు తెరిచాను, నోటి నిండా క్లోరిన్ నీళ్లు. ఎవరో కర్రతో భుజం మీద పొడుస్తున్నట్టు అనిపించింది, అదే పట్టుకున్నాను. గట్టు మీద బోర్లా పడి దగ్గుతుంటే పక్కనుంచి ఆయన గొంతు: "చూశారా, ఏమీ కాలేదు కదా!" పిల్లలు నవ్వారు. పిల్లల మీద నాకు కోపం లేదు, పెద్దాయన నవ్వితే వాళ్లూ నవ్వుతారు. బట్టలు మార్చుకునే గదిలో తడి ఒంటితోనే చాలాసేపు కూర్చున్నాను. మర్నాడు డబ్బు వెనక్కి అడిగితే, ఒకసారి కట్టిన ఫీజు తిరిగి ఇవ్వమన్నారు. తోశారని చెబితే కౌంటర్ దగ్గర కూర్చున్న మనిషి, "అందరికీ అలాగే నేర్పుతారండీ" అన్నాడు.

ఈ మాట చాలామంది దగ్గర విన్నాను. తోసేస్తే అదే వస్తుందట. అలా తోస్తే వచ్చినవాళ్లే మనకు కనిపిస్తారు. ఆ రోజు నుంచి నీళ్ల మొహం చూడనివాళ్లను ఎవరు లెక్కపెట్టారు? నేను తొమ్మిది నెలలు ఆ దారిలో వెళ్లడమే మానేశాను. తలస్నానం చేస్తూ చెంబుతో మొహం మీద నీళ్లు పోసుకున్నా ఉలిక్కిపడేదాన్ని.

మళ్లీ చేరడానికి గోలి శ్యామల గారు కారణం. నలభై దాటిన ఆ తెలుగావిడ 2021లో శ్రీలంక నుంచి ధనుష్కోడి దాకా పాక్ జలసంధిని ఈదారు. ఆ సంగతి చదివి, ఇంకో కొలనులో ఆడవాళ్ల బ్యాచ్‌లో పేరు రాయించాను. ఈసారి ఒక్క నెలకే కట్టాను.

ఇక్కడి కోచ్ మా మేనకోడలి వయసు పిల్ల. మొదటి రోజు నాకంటే ముందు తనే నీళ్లలోకి దిగి, "అక్కా, ఇదివరకు ఎక్కడైనా భయపడ్డారా?" అని అడిగింది. జరిగిందంతా చెప్పాను. "అయితే ఈ వారం ఈత లేదు, ఊపిరి ఒక్కటే" అంది. గోడ పట్టుకుని, మొహం నీళ్లలో పెట్టి, నోరు మూసి ముక్కుతో 'మ్‌మ్' అంటూ ఉండమంది. ఆ శబ్దం ఆగనంతసేపు నీళ్లు ముక్కులోకి ఎక్కవు. నిజంగానే ఎక్కలేదు.

ఊపిరి బిగబట్టమని ఆయన చెప్పింది ఎంత తప్పో అప్పుడు తెలిసింది. బిగబడితే లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది, గాబరా పుట్టించేది అదే. పైగా తల పైకి లేపిన ఆ ఒక్క క్షణంలో పాత గాలి వదలాలి, కొత్తది పీల్చాలి. రెండూ కుదరక నీళ్లు మింగుతాం. నీళ్లలోనే వదిలేసి వస్తే, పైన పీల్చుకోవడం ఒక్కటే పని.

ఆ తర్వాత తేలడం, గోడను తన్ని జారడం, నీళ్లలో తేలే బోర్డు పట్టుకుని కాళ్లు కొట్టడం త్వరగానే వచ్చేశాయి. ఆ అమ్మాయి ఒక రోజుకు ఒక్క తప్పే దిద్దేది, మిగతావి చూసీ చూడనట్టు వదిలేసేది. నాకు తల ఎత్తే అలవాటు ఉంది. తల లేస్తే తక్కెడలాగా నడుము మునుగుతుంది. "తల దించండి" అని మాత్రం ఒక్కసారీ అనలేదు. "అడుగున నల్లగీత చూస్తూ రండి అక్కా" అనేది. గీత చూస్తే తల దానంతటదే దిగింది. అవతలికి చేరాక తప్పు చెప్పకుండా, "ఈసారి కాళ్లు పైనున్నాయా, కిందికి పోయాయా?" అని ముందు నన్నే అడిగేది. మొదట్లో తెలిసేది కాదు. నెల తిరిగేసరికి ఆమె అడగకముందే నేనే చెబుతున్నాను. బోర్డు కూడా అలాగే, మొదట పెద్దది, తర్వాత చిన్నది, తర్వాత ఒక చేత్తో. మా తాతయ్య బెండ్లే గుర్తొచ్చాయి.

పక్కకు తిరిగి గాలి పీల్చడం దగ్గర మూడు వారాలు ఆగిపోయాను. "ఒక కన్ను నీళ్లలోనే ఉండాలి" అని గోడ దగ్గర నిలబెట్టి ఎన్నిసార్లు తిప్పించిందో లెక్కలేదు. విసుక్కోలేదు. ఎడమవైపు ఇప్పటికీ రాదు, కుడివైపే పీలుస్తాను.

నిన్న అవతలి గోడ చేతికి తగిలినప్పుడు మొదట నమ్మలేదు. ఇప్పటిదాకా ఈదింది లోతు లేని వైపే, అడ్డంగా. సోమవారం లోతు వైపుకు వెళ్తున్నాం. ముందు తను దిగుతుందట, తర్వాత నేను, నిచ్చెన పట్టుకుని.